గేలం లేని శనివారం

నా చిన్నప్పుడు మా ఇంట్లో పెరటాసి నెల వచ్చిందంటే చేపలు కోసే కత్తిపీటను కడిగి, గోనెగుడ్డలో చుట్టి, వంటింటి చూరులో దోపేసేవారు. నెల గడిచేదాకా దాన్ని ఎవరూ దించేవారు కాదు. అది వెంకన్న నెల. తమిళుల లెక్కలో వచ్చే ఆ నెలను మా రబ్బరు తోటలోని తెలుగువాళ్ళం కూడా వాళ్ళతో పాటే పట్టేవాళ్ళం. నెలంతా ఇంట్లో నీచు ఉండదు. శనివారాలైతే పెద్దవాళ్ళు మధ్యాహ్నం పూజ అయ్యేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు. నాకు ఆ నెలంటే మహా మంట. చేపల పులుసు లేని అన్నం నాకు అన్నంలాగే అనిపించేది కాదు. ఇప్పుడు డాక్టరు ఏది వద్దన్నా తలూపుతున్నాను గాని ఆ వయసులో నేను ఊరుకునే రకాన్ని కాదు.

మేముండేది మలాయ్ దేశంలో, పేరాక్ రాష్ట్రం ఎగువన, కొండల మధ్య, ఒక పెద్ద తాసిక్ ఒడ్డున. మలాయ్ భాషలో సరస్సును తాసిక్ అంటారు. ఏటికి అడ్డంగా ఆనకట్ట కడితే అడవికి అడవే మునిగిపోయి తయారైన సరస్సు అది. మా ఒడ్డున నిలబడితే ఎడమవైపు చివర ఎక్కడుందో కనిపించేది కాదు. చచ్చిపోయిన చెట్లు నీళ్ళలో అలాగే నిలబడి ఉండేవి, ఆకు లేకుండా, తెల్లగా. మా నాన్న అక్కడి రబ్బరు తోటలో ట్రాక్టరు నడిపేవాడు. తాతయ్య పోయాక అమ్మమ్మ బాగన్ దాతుక్ కొబ్బరి తోటలు వదిలి మా దగ్గరికి వచ్చేసింది. వస్తూ ఒక రేకు పెట్టె, ఒక తెడ్డు తెచ్చుకుంది. బస్సులో తెడ్డేమిటని కండక్టరు గోల పెట్టాడట. ఈవిడ దాన్ని ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని కూర్చుందట, దానికీ కలిపి రెండు టికెట్లు తీసుకుని.

పక్కింట్లో ఒక మలాయ్ ఆయన ఉండేవాడు. మేమంతా పాక్‌చిక్ అని పిలిచేవాళ్ళం, బాబాయి అన్నట్టు. చేపలు పట్టి అమ్మడం ఆయన పని. మోటారు పడవ కొనుక్కున్నాక తన పాత చిన్న పడవను అమ్మమ్మకి ఇచ్చేశాడు. కొబ్బరి తోటల కాలవల్లో, ఏరు సముద్రంలో కలిసే చోట పెరిగిన మనిషి కదా, అమ్మమ్మకి ఆ పడవ దొరకడం ఆలస్యం, ఏడాది తిరిగేసరికి తాసిక్‌ను మా వీధిని తిరిగినట్టు తిరిగేసింది. ఒక్కటే లోటు. ఆవిడకు ఈత రాదు. నీళ్ళ మీద బతికినదానివి, ఈత రాకపోవడమేమిటని నేను వెక్కిరిస్తే, పడవ ఉండగా ఈత ఎందుకని నన్నే వెక్కిరించేది.

ఆవిడ వెతికే చేప తోమన్. మన కొరమేనుకు పెద్దన్న అనుకోండి. కోరలుంటాయి, కోపముంటుంది, ఒంటిచేత్తో ఎత్తలేనంత బరువుంటుంది. అది ఏడాది పొడుగునా ఒకేచోట ఉండదు. ఎండలు ముదిరి నీళ్ళు దిగిపోయినప్పుడు, అడుగున మునిగిపోయిన పాత ఏటి గాడిలోకి పోయి చెట్ల మొద్దుల నీడన పడుకుంటుంది. వానలు మొదలై నీళ్ళు ఒడ్డున గడ్డి మీదికి ఎక్కగానే తానూ ఎక్కి వస్తుంది, గడ్డిలో గుడ్లు పెడుతుంది. కొండల మీద పెద్ద వాన పడి వాగుల్లో కొత్తనీరు దిగితే మళ్ళీ కదులుతుంది. సెలవు రోజుల్లో అమ్మమ్మ నన్ను పడవ ముందు భాగంలో కూర్చోబెట్టుకుని, ఈ రోజు చేప ఎక్కడుందో చెప్పమనేది. నేను గొప్పగా కిందటిసారి దొరికిన చోటే చూపించేదాన్ని. "నిన్నటి సేపని ఇయ్యాల యెతుకుతన్నావే" అని నవ్వేది. నాకు ఒళ్ళు మండేది. అంత తెలిసినావిడ చోటేదో తనే చెప్పొచ్చు కదా అనిపించేది.

ఆ సంవత్సరం పెరటాసి మొదటి శనివారం పొద్దున్నే అమ్మమ్మ పూజకు అరిటాకులు తెస్తానని బయల్దేరింది. సరస్సు అవతలి ఒడ్డున ఎవరిదో పాతబడిన అరటితోట ఉండేది, పెరటాసి ఆకులన్నీ అక్కడి నుంచే వచ్చేవి. నేనూ వస్తానని పడవెక్కాను. ఆకులు కోయడం చిటికెలో అయిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ ఇంటివైపు కాకుండా, ఒక వాగు వచ్చి కలిసే గడ్డి మడుగువైపు పడవ తిప్పింది. పడవలో గేలం లేదు, వల లేదు, ఎర లేదు. చేపల దగ్గరికి ఒట్టి చేతులతో వెళ్ళే మనిషిని అప్పుడే చూశాను.

గడ్డి పక్కన పడవ ఆపి, తెడ్డుతో నీళ్ళలో ఒకచోట చూపించింది. అక్కడ నీటి మీద ఎసరు మరుగుతున్నట్టు చిన్న చిన్న బుడగలు. వంగి చూస్తే వేలెడంత లేని ఎర్రటి పిల్లలు, కొన్ని వందలు, ఒక ముద్దగా తిరుగుతున్నాయి. గాలి పీల్చడానికి అన్నీ ఒకేసారి పైకి వచ్చి, ఒకేసారి కిందికి పోతున్నాయి. వాటి అడుగున రెండు నల్లటి నీడలు. తల్లీ తండ్రీ. అప్పుడు ఆ పిల్లల మధ్యలో గేలం వేస్తే చాలు, తల్లి వచ్చి కరిచేస్తుందట. ఆకలికి కాదు, బిడ్డల జోలికి వచ్చిందని. అలా పట్టేవాళ్ళు చాలామందే ఉన్నారు, అంత సులువుగా తోమన్ ఇంకెప్పుడూ దొరకదు. తల్లి పోతే ఆ వందల పిల్లల్ని మిగతా చేపలు ఒక పూటలో మింగేస్తాయి.

ఊరికే చూడటానికి ఇంత దూరం ఎందుకొచ్చామని నేను సణిగాను. అమ్మమ్మ ఆలోచించుకుని చెప్పింది. "గేలం పట్టుకుని సూసినోడికి బరువే కనబడతాది. ఒట్టి సేతుల్తో సూసినోడికి సేప కనబడతాది లా." మాట మెత్తగా చెప్పాలనుకున్నప్పుడు మలాయ్ వాళ్ళలాగే చివర ఆ 'లా' తగిలించేది. మిగతా పదకొండు నెలలూ ఎలాగూ పట్టుకునే చూపే కదా, ఈ ఒక్క నెలా దేవుడు చేతులు కట్టేశాడు గనక కళ్ళు తెరుచుకుంటాయని ఆవిడ లెక్క.

తరువాత నా చెయ్యి పట్టుకుని నీళ్ళలో ముంచింది. అక్కడ నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. పడవను వాగు నోటివైపు కొంచెం జరిపి మళ్ళీ ముంచింది. చల్లగా తగిలింది. కొండ మీది నుంచి వచ్చే కొత్తనీరు చల్లగా, బురదగా ఉంటుందట. పిల్లలకు అది పడదు. అది ముందుకు వచ్చేకొద్దీ తల్లి వాటిని వెనక్కి తోలుకుపోతుంది. మరీ దూరం పోలేదు, పసివాటికి ఓపిక ఉండదు కనక ఆ చల్లదనం ఆగిన చోటు దాటగానే వెచ్చటి నీళ్ళలో నిలబడుతుంది. "ఎచ్చగుంటే పిల్లలు ఈడే ఉన్నట్టు. సల్లగా తగిలిందంటే ఎల్లిపోనాయన్న మాట." ఇంతా చెప్పి, అమ్మకి మాత్రం చెప్పొద్దంది. పెరటాసి శనివారం, ఉపవాసం ఉండి, చేపల దగ్గరికి వెళ్ళిందంటే మా అమ్మ ఇల్లు పీకి పందిరి వేస్తుందని ఆవిడ భయం. మా అమ్మకు దేవుడంటే భక్తి, నీళ్ళంటే హడలు. పెళ్ళయి ఆ ఒడ్డుకు వచ్చిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా పడవలో కాలు పెట్టలేదు.

తరువాతి శనివారం ముందురోజు కొండల మీద పెద్ద వాన పడింది. శనివారం పొద్దున నేను నిద్ర లేచేసరికే అమ్మమ్మ ఆకులకు వెళ్ళిపోయింది. నన్ను లేపకుండా వెళ్ళిందని అలిగి కూర్చున్నాను. అమ్మ స్నానం చేసి, వెంకన్న పటానికి తులసిమాల వేసి, పులిహోర కలిపి, చక్కెర పొంగలి వండి, ఆకుల కోసం ఎదురు చూస్తోంది. ఆకులు రాలేదు. మధ్యాహ్నమైంది. పక్క వరసల్లో ఒక్కొక్క ఇంట్లోంచి గోవిందా అని వినబడుతోంది, పూజలు అయిపోతున్నాయి. అమ్మ మొదట విసుక్కుంది, ముసలామె ఎవరితోనో కబుర్లలో పడిందని. తరువాత విసుక్కోవడం మానేసింది. గడప దగ్గరికీ పొయ్యి దగ్గరికీ తిరగడం మొదలు పెట్టింది. మా అమ్మ మాట్లాడకుండా తిరగడం చూసి నేను అలక మానేసి గడపలోకి వచ్చి నిలబడ్డాను.

పడమటి వైపు ఆకాశం నల్లబడటం కూడా అప్పుడే కనిపించింది. ఆ నెలల్లో మధ్యాహ్నం దాటాక వచ్చే గాలివాన మామూలుది కాదు. ముందు గాలి ఆగిపోతుంది, తాసిక్ నూనె పోసినట్టు నున్నగా అయిపోతుంది. తరువాత కొండల మీది నుంచి ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. అప్పుడు మోటారు పడవలు కూడా నీళ్ళ మీద ఉండవు. మా అమ్మమ్మది ఇద్దరు పట్టేంత పడవ. పైగా పొద్దుటి నుంచి ఆవిడ పొట్టలో ఏమీ లేదు.

నాన్న పని నుంచి వచ్చీ రాగానే చొక్కా కూడా మార్చుకోకుండా ఇంకొకరి పడవలో అరటితోట ఒడ్డుకు బయల్దేరాడు. తోటలో పడవలున్న మిగతావాళ్ళు కూడా అటే వెళ్ళారు. ఆకులకు వెళ్ళిన మనిషి ఆకుల దారిలోనే ఉండాలి కదా. పెరటాసి శనివారం అమ్మమ్మ ఇంకెక్కడికైనా వెళ్ళి ఉంటుందని అక్కడ ఒక్కరికీ తోచలేదు. మిగతా ఏ నెలలో తప్పిపోయినా ముందు చేపలున్న చోటే వెతికేవాళ్ళు.

నేను అమ్మ చీర పట్టుకుని, అమ్మమ్మ చేపల్ని చూడటానికి వెళ్ళి ఉంటుందని చెప్పాను. చెప్పొద్దన్న మాట గుర్తుంది. కాని ఆకాశం అలా ఉన్నప్పుడు మాట దాచుకోవడం నా వల్ల కాలేదు. అమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ కళ్ళ ముందుంది. "పెరటాసి శెనివారం నాడు మీ అమ్మమ్మ సేపల కాడికెల్తాదా? నోరు ముయ్యి." అది కోపం కాదు, భయం.

పాక్‌చిక్ అప్పుడే తన పడవను నీళ్ళలోకి తోస్తున్నాడు. ఆయన కూడా అరటితోట వైపే పోబోతున్నాడు. ఇన్నేళ్ళ పొరుగులో తెలుగు కాస్త పట్టుబడ్డ మనిషి, నా మాట చెవిన పడి ఆగాడు. ఏ చేపలు అని అడిగాడు. తోమన్ పిల్లలు అన్నాను. గేలం తీసుకెళ్ళిందా అన్నాడు. లేదు, ఈ నెలలో తీసుకెళ్ళదు, ఊరికే చూస్తుంది అన్నాను. ఆయన అమ్మ వైపు తిరిగి, అటు ఇప్పటిదాకా ఎవరూ వెళ్ళలేదు గనక తాను వెళ్తానని, చోటు చూపించడానికి పిల్ల కావాలని మలాయ్‌లో చెప్పాడు. అమ్మ ఆకాశం చూసింది, నీళ్ళు చూసింది, నన్ను చూసింది. నన్ను ఒక్కదాన్ని పంపలేకపోయింది. కొంగు నడుముకి దోపుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, పడవలో కాలు పెట్టింది.

ముందు కిందటి వారం చూసిన గడ్డి మడుగుకే తీసుకెళ్ళాను. వెళ్తున్నంతసేపూ అమ్మమ్మ అక్కడే కూర్చుని ఉంటుందనీ, మమ్మల్ని చూసి నా మీద కళ్ళెర్రజేస్తుందనీ అనుకుంటూ ఉన్నాను. మడుగులో ఎవరూ లేరు. గడ్డి సగానికి పైగా మునిగిపోయింది. కిందటి వారం తేటగా ఉన్న చోట ఎర్రటి బురదనీళ్ళు తిరుగుతున్నాయి. బుడగలు లేవు, నీడలు లేవు, పడవ లేదు. నిన్నటి చేపనే మళ్ళీ వెతికాను. ఈసారి నవ్వడానికి ఆవిడ పక్కన లేదు.

గాలి ఆగిపోయింది. తాసిక్ నున్నగా అయిపోయింది. అమ్మ వెనక్కి తిప్పమంది. పాక్‌చిక్ కొండల వైపు చూసి, గాలి వచ్చేలోగా ఇంకొక్క చోట వెతకడానికి మాత్రమే వీలవుతుందని చెప్పాడు. ఆ తరువాత ఒడ్డు చేరకపోతే మనల్ని వెతకడానికి ఇంకొకరు రావాలన్నాడు. ఆయన గొంతు మామూలుగానే ఉంది. అలా మామూలుగా చెప్పడంతో నాకు ఇంకా భయమేసింది. కొత్తనీరు వచ్చాక పిల్లల తల్లి ఇక్కడ ఉండదు, నిజమే, కాని ఎటు పోయిందో తనకు తెలియదని ఒప్పుకున్నాడు. ఆయన ఏడాదంతా పెద్ద చేపల వెంట తిరిగే మనిషి. పిల్లల వెంట తిరిగింది మా అమ్మమ్మ ఒక్కతే. అమ్మమ్మ ఏం చెప్పేదని నన్ను అడిగాడు.

నేను పడవ అంచు మీద బోర్లా పడుకుని నీళ్ళలో చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. ముందుకు పోనిమ్మని రెండో చేత్తో సైగ చేశాను. ఆయన మోటారును చిన్నగా నడిపాడు. చల్లగా ఉంది. ఇంకా ముందుకు. ఇంకా చల్లగానే ఉంది. చచ్చిన చెట్లు పక్క నుంచి ఒక్కొక్కటే పోతున్నాయి. ఎండాకాలంలో పైకి కనబడే పొట్టి మొద్దులన్నీ ఇప్పుడు నీటి కిందికి పోయాయి, వాటిలో ఏది తగిలినా పడవ చీలుతుంది. పాక్‌చిక్ నిలబడి నీళ్ళలోకి చూస్తూ నడుపుతున్నాడు. కొంతసేపటికి నా వేళ్ళు తిమ్మిరెక్కిపోయాయి. చలో వెచ్చనో తెలియడం మానేసింది. చెయ్యి మార్చాను. అదీ అంతే అయింది. ఏడుపు వచ్చేసింది. నాకు తెలియడం లేదమ్మా అన్నాను.

అప్పుడు మా అమ్మ, అప్పటిదాకా పడవ మధ్యలో చెక్క పట్టుకుని కళ్ళు మూసుకుని గోవిందనామాలు చదువుతున్న మనిషి, కళ్ళు తెరిచింది. నేను ఏం చేస్తున్నానో అడిగింది. చెప్పాను. ఆవిడ రెండో అంచుకు జరిగి, గాజుల చెయ్యి మోచేతిదాకా నీళ్ళలో ముంచింది. పడవ అటు ఒరిగింది. అమ్మ అరవలేదు, చెయ్యి తీయలేదు. నా చేతుల్ని నేను బట్టల మధ్య పెట్టుకుని వెచ్చబెట్టుకుని మళ్ళీ ముంచాను. అలా ఒకవైపు అమ్మ, ఒకవైపు నేను, ఇద్దరం చేతులు నీళ్ళలో వదిలి పోతున్నాం. ఉన్నట్టుండి అమ్మ తల తిప్పింది.

"ఇటేపు ఎచ్చగుందే" అంది.

నా వైపు ఇంకా చల్లగానే ఉంది. పాక్‌చిక్‌కి మేమేమీ వివరించనక్కర్లేకపోయింది. మేము సరిగ్గా చల్లనీళ్ళూ వెచ్చనీళ్ళూ కలిసే గీత మీద ఉన్నామని ఆయనకు అర్థమైంది. గీత వెంబడే పడవ తిప్పాడు. అమ్మ చేతికి చలి తగిలితే కొంచెం అటు, నా చేతికి వెచ్చన తగిలితే కొంచెం ఇటు. వెనక ఎక్కడో మొదటి ఉరుము వినబడింది. తెల్లటి చెట్ల గుంపు ఒకటి దాటాం. ఆ వెనకాల ఇంకొక గుంపు. నీళ్ళ మీద పచ్చగా ఏదో తేలుతోంది. అరిటాకులు.

వాటి అవతల అమ్మమ్మ ఉంది. నీళ్ళు గుండెలదాకా ఉన్నాయి. ఒక చచ్చిన చెట్టును రెండు చేతులతో వాటేసుకుని, తన తువ్వాలుతో తనను ఆ చెట్టుకే కట్టేసుకుని నిలబడి ఉంది. కాళ్ళ కింద పడవ పూర్తిగా మునిగిపోయి మొద్దుకు చిక్కుకుని ఉంది. పొద్దున అక్కడికి వస్తుంటే నీటి కిందున్న మొద్దు తగిలి అడుగు చెక్క చీలిందట. అరిచి అరిచి గొంతు పోయి, ఇక అరవడం మానేసిందట. పెదాలు తెల్లబడిపోయాయి. అమ్మ ఆవిడను చూసి ఒక్క కేక పెట్టింది. మా అమ్మ నోటి నుంచి అలాంటి కేక నేను మళ్ళీ ఎప్పుడూ వినలేదు.

అమ్మమ్మ మాత్రం మమ్మల్ని చూసి, రాని గొంతుతో, మొదటి మాటగా అన్నది ఇది. "ఇంజను ఆపమనండి లా. పిల్లలు కిందున్నాయి."

చూస్తే నిజమే. తేలుతున్న అరిటాకుల కింద, మునిగిన పడవలో, ఆవిడ కాళ్ళ చుట్టూ, ఆ ఎర్రటి పిల్లలు ముద్దలు ముద్దలుగా తిరుగుతున్నాయి. కొత్తనీరు వాటిని తరుముకుంటూ అప్పుడే అక్కడిదాకా వచ్చింది. అవి నీడ దొరికిన చోట దూరాయి. గాలివాన మీద పడబోతోంది, మనిషి ప్రాణం మీదికి వచ్చింది, ఇంకొకరైతే ఆ మాటకు తిట్టి ఉండేవారు. పాక్‌చిక్ మాత్రం మోటారు ఆపేసి, పైకెత్తి, తెడ్డు తీశాడు. నీళ్ళు చప్పుడు కాకుండా తెడ్డు వేసుకుంటూ వెళ్ళి చెట్టును పట్టుకున్నాడు. అమ్మ తువ్వాలు ముడి విప్పింది. తడిసి బిగుసుకుపోయిన ముడి అది, పళ్ళతో కొరికి విప్పింది. ముగ్గురం కలిసి ఆవిడను పడవలోకి లాగుతుండగా మొదటి గాలి వచ్చి తగిలింది.

ఇంటిదాకా రాలేకపోయాం. దగ్గర్లో ఒక కొండ నీడన ఒడ్డుకు చేరి, పడవను పైకి లాగి, పాక్‌చిక్ టార్పాలిన్ కింద నలుగురం ముడుచుకుని కూర్చున్నాం. ఇప్పటిదాకా నున్నగా ఉన్న తాసిక్ కళ్ళ ముందే తెల్లగా లేచిపోయింది. అమ్మమ్మ పట్టుకున్న చెట్ల గుంపు వానలో కనబడకుండా పోయింది. అమ్మ అటే చూస్తూ కూర్చుంది. అమ్మమ్మను ఒళ్ళోకి లాక్కుని, చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని, తిట్టడం మొదలు పెట్టింది. ఉపవాసం ఉండి చేపల కోసం చస్తావా అని, నేను దేవుడికి ఏం మొహం చూపించాలి అని, ఒక తిట్టు తరువాత ఒక తిట్టు, ఏడుస్తూ. అమ్మమ్మ కళ్ళు మూసుకుని అన్నీ వింటూ కూర్చుంది. నాకు ఆ తిట్లు వింటుంటే ప్రాణం లేచొచ్చింది. అమ్మకు గొంతు వచ్చిందంటే ఇక గండం గడిచినట్టే.

ఆ రోజు పూజ సాయంత్రం అయింది, అరిటాకుల్లేకుండా, ఇత్తడి పళ్ళేల్లో. పొద్దుట వండిన పొంగలి గట్టిపడిపోయింది. అమ్మ హారతి ఇచ్చి, కళ్ళకు అద్దుకుని, మొదటి ముద్ద దేవుడి పటం ముందు నుంచి తీసి అమ్మమ్మ నోట్లో పెట్టింది. అరటితోట ఒడ్డంతా గాలించి తడిసి ముద్దయి వచ్చిన నాన్న, చేపల సంగతి విని నా వైపూ అమ్మమ్మ వైపూ మార్చి మార్చి చూశాడు. ఆయనకు మేమిద్దరం ఒకటే పిచ్చివాళ్ళమని ఆ రోజే రూఢి అయిపోయింది.

తరువాతి శనివారం అమ్మమ్మను ఆకులకు పంపకూడదని ఇంట్లో తీర్మానమైంది. కాని పొద్దున్నే చూస్తే అమ్మ కొంగు దోపుకుని గడపలో నిలబడి ఉంది. ఆవిడ ఒక్కతే వెళ్ళడానికి వీల్లేదు, తాను కూడా వస్తానంది. ముగ్గురం పాక్‌చిక్ పడవలో వెళ్ళాం. ఆయన మాకు పడవ ఇవ్వడమే కాదు, ఆ సంవత్సరం ఆ చెట్ల వైపు గేలం వేయనే లేదు. ఆయనకు పెరటాసి లేదు, ఉపవాసం లేదు. ఎందుకు వేయలేదో మేము అడగలేదు. తోమన్ పిల్లలు కొంచెం పెద్దవై, రంగు మారుతున్నాయి. మా అమ్మ చాలాసేపు వాటిని చూసి, పొద్దెక్కింది, పూజకు వేళవుతోంది అని మాత్రం అంది. పడవలో ఉన్నంతసేపూ ఆవిడ చెయ్యి నీళ్ళలోనే ఉంది.

నేను తరువాత చదువుకున్నాను, పెళ్ళి చేసుకున్నాను, ఆ తోట పోయి ఇంకేదో వచ్చింది. అమ్మమ్మ పోయింది, అమ్మా పోయింది. ఆ రోజు గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. ఆవిడను ఆరోజు అంతమంది వెతికారు. అందరూ ఆవిడ మీద ప్రేమ ఉన్నవాళ్ళే. కాని ఆవిడ ఎక్కడ ఉండాలని తాము అనుకుంటున్నారో అక్కడే వెతికారు. ఆవిడ మనసు దేని చుట్టూ తిరుగుతోందో నాకు తెలిసింది, గేలం లేకుండా ఆవిడ పక్కన ఒక పూట కూర్చున్నందుకు. అది నా తెలివి కాదు. నేనైతే ఆ పూటంతా సణుగుతూనే ఉన్నాను.

ఇప్పుడు నేను క్లాంగ్ పట్నంలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. పెరటాసి నెల ఇక్కడా పడతాం, అరిటాకులు మార్కెట్లో కట్టలుగా దొరుకుతాయి. మా మనవరాలికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడమంటే మాత్రం నోరు పెగలదు. ఈ మధ్య కాలేజీ నుంచి వచ్చి గదిలో దూరి తలుపు వేసుకునేది. ఇంట్లో అందరూ తలుపు దగ్గరికి వెళ్ళి తలా ఒక ప్రశ్న వేసేవారు. మార్కులా, స్నేహితులా, ఒంట్లో బాగాలేదా. ప్రతి ప్రశ్నకూ ఆ పిల్ల ఇంకొంచెం లోపలికి పోయేది. నాకూ అడగాలని నాలుక దురద పెట్టేది, నా సంగతి మీకు తెలిసిందే కదా. ఒక శనివారం మధ్యాహ్నం తలుపు తోసుకుని వెళ్ళి మంచం అంచున కూర్చున్నాను. ఏమీ అడగలేదు. అది ఫోను చూసుకుంటూనే ఉంది. నేను కిటికీలోంచి బయట చూస్తూ కూర్చున్నాను. మరుసటి శనివారం కూడా అంతే. ఆ తరువాతి వారం నేను వెళ్ళేసరికి మంచం మీద నాకు చోటు వదిలి పక్కకు జరిగి కూర్చుంది. చాలాసేపటికి, నా వైపు చూడకుండానే, ఫోను పక్కన పెట్టి తన చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టింది.

వెచ్చగా తగిలింది. నేను కదలకుండా అలాగే కూర్చున్నాను.